రైతునకు వేరుగా నడక యేల?

మొన్న జరిగిన మా సంఘపు మహాజనసభలో, ఎరువుల నిల్వయు పంటరుణముల లెక్కయు చదివి ముగించిన పిమ్మట, మేము లేచి సభ్యులందరును దినమునకు అరగంట సేపైనను ఆరుబయట నడచుట అలవరచుకొనవలెనని విన్నవించితిమి. సభలో నవ్వులు పుట్టినవి. ముందు వరుసలో కూర్చున్న పెద్దరైతు ఒకరు లేచి, "అయ్యా, పుట్టినది మొదలు పొలము గట్లమీదనే తిరుగుచున్నాము. మేము నడవని దినమేదో మీరే సెలవియ్యవలెను. ఆ మాట పట్నములో కుర్చీలలో కూర్చుండు కొలువుగాండ్రకు చెప్పుడు" అనిరి. మేమప్పుడు తగిన ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ఆ పెద్దలు అడిగినది న్యాయమైన ప్రశ్నయే. దానికి జవాబుగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము చెప్పదలచినవి మూడు సంగతులు. రైతు నడక నిజముగా తగ్గినది. పనికై నడచుట వేరు, దేహమునకును మనసునకును నెమ్మది కలుగుటకై నడచుట వేరు. తోడుతో నడచినపుడు, కూర్చున్నచోట నోట రాని మాట బయటికి వచ్చును. ఇందు మూడవ సంగతిని మేము పుస్తకములలో చదివి తెలిసికొనలేదు; హైదరాబాదు పాతబస్తీ వీథులలో ఒక తెల్లవారుజామున నేర్చుకొంటిమి.

మొదట లెక్క చూతము. ఎకరమునకు 43,560 చదరపు అడుగులు. నాటునాగలి చాలు అరడుగు వెడల్పని అనుకొన్నచో, ఎకరము నేలను ఒకసారి దున్నుటకు ఎద్దుల వెనుక 87,120 అడుగులు, అనగా పదునారున్నర మైళ్లు నడవవలెను. నేటి కొలతలో అది 26 కిలోమీటర్లకు పైమాటయే. మూడెకరముల రైతు తన చేనును రెండుమార్లు దున్నినయెడల నూరు మైళ్లకు ఒక్క మైలు మాత్రమే తక్కువగా నడచినట్లు. విత్తుట, గుంటక తోలుట, కలుపు తీయించుట, కాపలా, సంతకు పోవుట ఇందు చేరనే లేదు.

ఇపుడు ఆ చేనును ట్రాక్టరు కొన్ని గంటలలో దున్నుచున్నది; రైతు సీటుపై కూర్చుండును, లేదా గట్టుపై నిలుచుండును. మోటారు వేయుటకు పూర్వము రాత్రివేళ బావికడకు పోవలసియుండెను. నేడు మంచముపై పండుకొని సెల్‌ఫోనుతో వేయువారు గలరు. మందు చల్లుటకు డ్రోనులు వచ్చుచున్నవి. ఊరిలో టీ దుకాణమునకు సయితము మోటారుసైకిలే. మేము యంత్రములకు విరోధులము కాము. ట్రాక్టరును మెచ్చి ఊరూర ప్రదర్శనలు చేసినవారిలో మేమును ఒకరము. నాగలి వెంట తిరిగిన తాతలు సుఖపడిరని చెప్పుట లేదు. వారి మోకాళ్ల నొప్పులను, వంగిన నడుములను మేమెరుగుదుము. పోయిన ఆ నడకకు బదులు మరియొకటి రాలేదని మాత్రమే చెప్పుచున్నాము. తిండి తగ్గలేదు సరికదా, జొన్నరొట్టె తినుచుండిన ఇండ్లలో పూటపూటకును వరియన్నము వచ్చినది.

దీని ఫలము మన కండ్లయెదుటనే యున్నది. మధుమేహము ఒకప్పుడు పట్నపు షావుకార్ల జబ్బని పేరు. భారతీయ వైద్య పరిశోధన మండలివారు చేయించిన సర్వే 2023లో ప్రకటింపబడెను. అందుబట్టి దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము గలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప కడ నిలిచియున్నారు. మన సంఘ సభ్యులలో చక్కెర మాత్రలు మ్రింగువారెందరో ఎవరికి వారే లెక్కపెట్టుకొనవచ్చును.

కూర్చుండుట వలని హాని యెట్టిదో 1953లో జెరెమీ మారిస్ అను వైద్యుడును ఆయన సహచరులును లండను బస్సు ఉద్యోగులను పరిశీలించి చూపిరి. బస్సు ఒకటే, దారి ఒకటే. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కుచు దిగుచుండును. గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగాను కండక్టర్లలో తక్కువగాను కనబడెను. నాగలి విడిచి ట్రాక్టరు ఎక్కిన మనము కండక్టరు పని మాని డ్రైవరు పనిలో చేరినవారము. ఆ పెద్దరైతుగారి ప్రశ్నకు మా మొదటి జవాబు ఇది.

ఇక మనసు సంగతి. మా సంఘము నగరమునకు పడమట చేవెళ్ల వైపున నున్నది. మా సభ్యులలో ఒకరు, పేరు చెప్పుట మర్యాద కాదు, నలుబది యేండ్లవారు, కష్టజీవి. రెండేండ్లు వరుసగా ఆయన పత్తి దెబ్బతినెను. రెండు బోర్లు వేయించిరి, రెండును ఎండినవి. ఆయన క్రమముగా మాట తగ్గించిరి. సంఘమునకు వచ్చుట మానిరి. ఆ మూడు నెలలలో మేము ఆయన చేనికి నాలుగుమార్లు పోయితిమి. ప్రతిసారియు పత్తి ఆకును త్రిప్పి, భూతద్దము పెట్టి పచ్చదోమను లెక్కించి, చేయవలసినది చెప్పి తిరిగి వచ్చితిమి. ఆకును పట్టుకొన్న చేయి వణకుచున్నదని గాని, ఆయన కన్నులు గుంటలు పడినవని గాని గమనింపలేదు. ఇది మా తప్పు, ఒప్పుకొనుచున్నాము.

ఒకనాటి సాయంకాలము ఆయన యిల్లాలు మా గడపలో నిలిచి, "అన్నా, మీరు వచ్చి చేను చూచి పోవుచున్నారు. మనిషిని చూచుట లేదు. రాత్రి నిద్ర లేదు, అన్నము ముట్టడు, పిల్లలు పిలిచినను పలుకడు" అని కంటనీరు పెట్టుకొనెను. మరునాడే ఆయనను వెంటబెట్టుకొని పాతబస్తీలోని ఒక దవాఖానకు పోయితిమి. వైద్యులు చూచి, రక్తములో చక్కెర కొంచెము ఎక్కువగా నున్నట్లు తోచుచున్నది, మరునాడు పరగడుపున మరల పరీక్ష చేయవలెను, ఈ రాత్రి ఇచటనే యుండుడు అనిరి. మీరాలం మండి సమీపమున ఆకుకూరల వ్యాపారి యొకరు మాకు పరిచితులు. వారి మేడపై పండుకొంటిమి. ఇద్దరికిని నిద్ర పట్టలేదు. నాలుగు గంటలు కాగానే, "పరీక్ష వేళ వరకు ఇచట పడియుండి యేమి చేయుదుము? కొంచెము నడచి వత్తము రండు" అని ఆయనను లేపితిమి. వేరొక ఉద్దేశమేదియు లేకుండెను.

క్రింద మండిలో అప్పుడే కూరల బండ్లు దిగుచుండెను. దీపముల వెలుతురులో కొత్తిమీర, పుదీన, పాలకూర, మెంతికూర కట్టలు కుప్పలుగా పడియుండెను. మా మిత్రులు ఒక కుప్ప కడ నిలిచి, మెంతికట్ట నొకటి చేత పట్టి, వ్రేళ్లకంటిన మట్టిని చూచి, "ఇది రాత్రి కోసినది కాదు. నిన్న మధ్యాహ్నమే కోసి నీళ్లు చల్లినారు" అనిరి. రెండు దినములలో ఆయన నోట మేము విన్న మొదటి వాక్యము అది. ఇంటి బెంగలో మునిగిన మనిషికి చేతిలో పచ్చని కట్ట పడగానే రైతు మేల్కొనెను.

మండి దాటి దారుల్‌షిఫాకు పోయితిమి. ఈ పేరునకు స్వస్థతాలయమని అర్థము. గోలకొండ నేలిన మహమ్మదు కులీ కుతుబ్‌షా చార్మినారును 1591లో కట్టించి, 1595లో ఈ వైద్యశాలను నెలకొల్పెను. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టును రెండంతస్తుల గదులు. రోగులకు గాలియు వెలుతురును అందునట్లు కట్టినది. ఇదంతయు చెప్పగా విని, మా మిత్రులు, "ఆ కాలములో దిగులుకు కూడ మందిచ్చెడివారా?" అని అడిగిరి. తన జబ్బునకు తానే పేరు పెట్టుకొనెను. మేము విననట్లే నడచితిమి.

మూసీ ఒడ్డు చూచుకొని, నయాపూల్ మలుపు తిరిగి, మదీనా కూడలి మీదుగా పత్తర్‌గట్టి చేరితిమి. దుకాణములన్నియు మూసియుండెను. రాతి కమానుల క్రింద మా చెప్పుల చప్పుడు తప్ప వేరేమియు లేదు. అచట ఆయన, మేమడుగకయే, చెప్పనారంభించిరి. సంఘపు అప్పు గాక, బయటివారి వద్ద నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి మూడు లక్షలు తెచ్చిరట. ఇల్లాలికి తెలియదట. పత్తి అమ్మిన సొమ్ము వడ్డీకి సయితము చాలలేదట. ఇక బ్రతుకు చాలునని తోచిన రాత్రులు గలవట. ఆ మాట చెప్పునప్పుడు ఆయన మా వైపు చూడలేదు. ఎదుట చార్‌కమాన్ వైపు చూచుచు చెప్పెను. మేమును ఆ వైపే చూచుచు వింటిమి. గుల్జార్‌హౌజ్ దాటి చార్మినారు చేరునప్పటికి తెల్లవారినది, పావురములు లేచినవి. ఆయన నిలిచి, పెద్ద ఊపిరి విడిచి, "ఆకలి యగుచున్నది" అనిరి. పరీక్షకు రక్తమిచ్చువరకు తినరాదని జ్ఞాపకము చేసితిమి. ఇద్దరమును నవ్వుకొంటిమి. పరీక్ష ముగిసిన తరువాత చక్కెర తగ్గించిన ఇరానీ చాయి త్రాగితిమి.

అదే మాటను సంఘ కార్యాలయములో బల్ల కావల కూర్చుండబెట్టి అడిగియుండినచో ఆయన చెప్పియుందురా? చెప్పరు. ఎదురెదురుగా కూర్చుండి అడిగినది విచారణవలె తోచును; బల్లపై కాగితము, చేతిలో కలము ఉన్నచో మరియు భయము. ప్రక్కప్రక్కన నడచువారు ఒకరి ముఖము నొకరు చూచుకొనరు. మాట ఆగినను దోషము లేదు, అడుగు ఆగదు గనుక. కంట నీరు వచ్చినను చూచువారు లేరు. మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులొకరు, తగవులాడిన పిల్లల నిద్దరిని గదిలో నిలువబెట్టి విచారింపక, చెరువు వరకు కలిసి నడచి రండని పంపెడివారు. తిరిగి వచ్చునప్పటికి తగవు సగము తీరెడిది. ఆ పద్ధతిలోని సూక్ష్మము ముప్పది యేండ్ల తరువాత మాకు పత్తర్‌గట్టిలో బోధపడినది.

మేము చెప్పునది క్రొత్త వైద్యమేమియు కాదు. పాతబస్తీలో నేటికిని చార్మినారు ప్రక్కనే ప్రభుత్వ నిజామియా వైద్యశాల గలదు. అచట సాగు యునానీ వైద్యమున ఆరోగ్యమునకు ఆరు ఆవశ్యకములు చెప్పుదురు: గాలి, అన్నపానములు, దేహమునకు కదలికయు విశ్రాంతియు, మనసునకు కదలికయు విశ్రాంతియు, నిద్రయు మెలకువయు, విసర్జింపవలసినది విసర్జించుట, నిలుపుకొనవలసినది నిలుపుకొనుట. దేహమునకు చెప్పినదే మనసునకును చెప్పిరని గ్రహింపుడు. మన ఆయుర్వేదమున సుశ్రుతుడు మధుమేహమువంటి ప్రమేహ రోగములు గల ధనహీనుని చెప్పులు, గొడుగు లేక నూరు యోజనములు నడువుమనియు, గోవుల వెంట తిరుగుమనియు, బావి త్రవ్వుమనియు విధించెను. చెప్పులు లేక నడచుట నేటి వైద్యులు ఒప్పరు; ఆ సంగతి ముందు చెప్పెదము. కాని రైతు పనియే రోగికి మందుగా వ్రాయబడినదని తెలిసి మా సభ్యులు సంతోషింతురని తలచుచున్నాము.

పట్టణములకు సయితము ఆరుబయలు అవసరమని ఈ నగరము కష్టపడి నేర్చుకొన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది జనులను పొట్టన పెట్టుకొనెను. ఆవలి యొడ్డున, నేటి ఉస్మానియా వైద్యశాల ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. తరువాత మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాపై వరద నాపు జలాశయములు వెలసినవి. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను ముగిసినవి. నది యొడ్డులను తోటలుగా మార్చుమని ఆయన సూచించిరి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు పేటలను విప్పి వీథులు వేసెను. పత్తర్‌గట్టి రాతి కమానులు ఆ మండలి కట్టించినవే. వాని క్రింద నడచువానికి ఎండయు వానయు తగులకుండ నీడ యేర్పడినది.

ఈనాడు పగటివేళ ఆ నీడలో సరుకు మూటలును, ప్రక్కన మోటారుసైకిళ్లును నిండియుండును. నడచువాడు బండ్ల నడుమ దారి వెదకుకొనవలెను. అయినను చార్మినారు చుట్టును వాహనములు రాకుండ కట్టడి చేసి నడచువారికి విడిచిరి. అది మంచి పని. అట్టి చోటు ఇంకను పెరుగవలెను. పట్నమున కాలిబాట కోల్పోయినవారిని చూచి మనము జాలిపడుదుము గాని, మన గ్రామములలో డొంకలు ఏమైనవి? ఏటేటా ఒక్కొక్క చాలు కలుపుకొని దున్నగా, రెండు బండ్లు తప్పుకొనిపోయిన బాట నేడు ఒంటి మనిషి నడచుటకు చాలని గట్టు అయినది. ఈ తప్పు చేసినవారు మన సంఘములోనే యున్నారు. వారు ఒక్క గజము వెనుకకు జరిగినచో ఊరంతటికిని మేలు.

నడకవలన చెవులు తెరచుకొనునని చెప్పుటకు పాతబస్తీ ప్రక్కనే మరియొక సాక్ష్యము గలదు. 1951 ఏప్రిలు నెలలో శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. వినోబా భావేగారు వార్ధా ప్రాంతమునుండి రైలెక్కక నడచియే వచ్చిరి. సమ్మేళనము పిమ్మట తెలంగాణ గ్రామములలో నడచుచు ఏప్రిలు 18న పోచంపల్లి చేరిరి. అచటి హరిజనులు బ్రతుకుటకు 80 ఎకరములు కావలెననగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములు ఇచ్చెదనని లేచిరి. భూదానోద్యమము పుట్టినది. దాని ఫలమెంత అను చర్చ ఇచట వలదు. మోటారులో పోయినవారికి ఊరు కనబడును. నడచి పోయినవారికి ఊరివారి మాట వినబడును. వినోబాగారు బండిలో పోయియుండినచో ఆ మాట వినియుండెడివారు కారేమో.

నేటి శాస్త్రజ్ఞులును ఈ దారినే వచ్చుచున్నారు. 1982లో జపాను అటవీశాఖవారు అడవిలో మెల్లగా సంచరించుటను ఆరోగ్యసాధనముగా ప్రజలకు బోధింపసాగిరి. 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు కొందరిని చెట్లు చేమలుగల చోటను, కొందరిని వాహనముల రద్దీగల రోడ్డు వెంటను తొంబది నిమిషములు నడపించిరి. చెట్లలో నడచినవారికి, ఒకే చింతను మరల మరల తలపోయు గుణము తగ్గినట్లు కనిపెట్టిరి. రోడ్డు వెంట నడచినవారికి అట్లు తగ్గలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవారికి వారమునకు 150 మొదలు 300 నిమిషముల ఓ మోస్తరు శ్రమ కావలెనని చెప్పినది. దినమునకు అరగంట చొప్పున ఐదు దినములు చురుకుగా నడచినచో అందులో కనీసము తీరును. పదివేల అడుగులని కొందరు చేతి గడియారము చూచుకొనుచు బెంగపడుదురు. ఆ సంఖ్య 1965లో జపానులో అడుగుల నెంచు పరికరము నమ్ముటకు పెట్టిన పేరునుండి వచ్చినది. అడుగులు లెక్కింప నవసరము లేదు.

ఇక మిగిలిన ఆక్షేపణలు. పొలములో ఇప్పటికిని ఎంతో కొంత తిరుగుదుము గదా అందురు. నిజమే. కాని పొలములో నడచునపుడు కన్ను కలుపు మీద, మనసు ధర మీద, నెత్తిన మోపు. అడుగడుగునకును అప్పు జ్ఞాపకమునకు వచ్చు చోటది. మేము చెప్పు నడకలో నడుము నిటారుగా నుండవలెను, చేతులు ఖాళీగా నుండవలెను, పొలము వెనుకబడవలెను. నాట్లలోను కోతలలోను దినమెల్ల ఒళ్లు వంచినవారికి ఆ సాయంకాలము నడక చెప్పము. వారికి విశ్రాంతియే మందు. కూలిచేయు అక్కచెల్లెండ్రకు ఈ మాట మరియు వర్తించును.

పనిలేనివారే ఊరక తిరుగుదురని సిగ్గుపడువారు గలరు. బావి మోటారునకు చమురు పోయుట పని. ఎద్దునకు లాడము కొట్టించుట పని. సొంత దేహమును బాగుచేసికొనుట పని కాదా? ఇల్లాండ్ర మాట యేమందురా, వారు దినమంతయు తిరిగినను అది ఇంటి చాకిరియే. వారికి అరగంట దొరకవలెనన్నచో మగవారు ఆ అరగంట పొయ్యి కడ కూర్చుండవలెను. నలుగురైదుగురు స్త్రీలు కలిసి వెలుతురుండగనే చెరువుకట్టవరకు పోయి వచ్చుట మంచిది.

పాటింపవలసిన జాగ్రత్తలు క్రింద వ్రాయుచున్నాము.

1. తెల్లవారిన తరువాతనో, పొద్దు వాలినపిమ్మటనో నడువుడు. ఎండకాలమున ఎనిమిది గంటలు దాటనీయకుడు. చీకటిలో పోవలసివచ్చినచో దీపము, చెప్పులు తప్పవు. పాము భయము గలదు.

2. మధుమేహము గలవారు వట్టికాళ్లతో నడువరాదు. పాదములకు స్పర్శ తగ్గి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియకపోవచ్చును. ఇంటికి వచ్చి అరికాళ్లు కడుగుకొని చూచుకొనవలెను.

3. క్రొత్తగా మందు చల్లిన చేల ప్రక్కన నడువకుడు. పురుగుమందును ఇంటిలో చేతికందునట్లు ఉంచక తాళము వేసి, తాళపుచెవి వేరొకరి చేతికిండు.

4. నడచునపుడు రొమ్మునొప్పి, ఆయాసము, కన్నులు తిరుగుట కలిగినచో ఆగి వైద్యునికి చూపుకొనుడు. నడక మొదలిడితిమని మందులు మానరాదు.

5. నిద్ర, ఆకలి, మాట తగ్గి వారములు గడచినచో, లేదా చావు తలపు వచ్చినచో, నడకతో సరిపెట్టక వైద్యుని కడకు పోవలెను. ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో టెలీ మానస్ అను సహాయకేంద్రమును నెలకొల్పిరి. 14416 అను నెంబరునకు పగలు రాత్రి ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటాడుదురు.

ఒక్క సంగతి దాచరాదు. నడక అప్పును తీర్చదు. మా మిత్రుల అప్పును నడక తీర్చలేదు. నడకవలన ఆ అప్పు సంగతి ఇల్లాలికిని, వైద్యునికిని, సంఘమునకును తెలిసినది, అంతమాత్రమే. పిమ్మట మనసు వైద్యుడు మందిచ్చిరి. సంఘ పాలకవర్గము వాయిదాలు మార్చెను. ఆమె తన అన్నదమ్ములను పిలిపించి వడ్డీవ్యాపారితో మాటాడించెను. అసలులో కొంత నేటికిని మిగిలియున్నది. గిట్టుబాటు ధర, పంటల బీమా, సకాలమున పరపతి వీని పని వీనిదే. "నడువుడు, నెమ్మది కలుగును" అని చెప్పి పాలకులు గాని సంఘములు గాని తమ బాధ్యతనుండి తప్పుకొనరాదు.

కావున సహకార సంఘములకు మా మనవి యిది. వారమునకు రెండు ఉదయములు సభ్యులు సంఘ కార్యాలయము కడ కూడి చెరువుకట్టవరకు నడచి రావలెను. ఆ దారిలో బాకీ అడుగరాదు. వసూలు గుమాస్తా వచ్చినను సభ్యుడుగానే రావలెను. ఎన్నికల మాట ఎత్తరాదు. అందరికంటె మెల్లగా నడచువాని అడుగే అందరి అడుగు కావలెను. రెండు వారములు రాని సభ్యుని యింటికి ఇద్దరు నడచి పోవలెను. వాని చేను చూచుటకు కాదు, వానిని చూచుటకు. కట్ట వెంట వేప, కానుగ, నేరేడు మొక్కలు నాటుడు. సంఘమునకు ఇది పెద్ద ఖర్చు కాదు. పట్నమునకు సరుకుతో పోవు సభ్యులు, పని ముగిసిన తరువాత ఆటో ఎక్కక, నయాపూల్ నుండి చార్మినారువరకు తెల్లవారుజామున ఒకసారి నడచి చూడుడు. వెంట మాట తగ్గిన మనిషి ఎవరైన నున్నచో మరియు మేలు.

మా మిత్రులు ఇప్పుడు ప్రతి ఉదయమును ఊరి బయటి రావిచెట్టు క్రింద మాకై వేచియుందురు. అన్ని దినములు మాటాడరు. కొన్ని దినములు చెరువువరకు పోయి మౌనముగనే తిరిగి వత్తుము. గడచిన నెలలో ఒకనాడు మాకు కొంచెము జ్వరముగా నుండి లేవలేకపోతిమి. తలుపు చప్పుడైనది. తెరచి చూడగా ఆయన నిలిచియున్నారు. "మీరు రాలేదు. మనిషిని చూచి పోదమని వచ్చితిని" అనిరి.

మహాజనసభలో నవ్విన పెద్దలు ఒక్క వారము మాతో నడచి, ఆ మీదట కూడ నవ్వదలచినచో నవ్వవచ్చును. వారి రాకకై చెరువుకట్ట మీద ఎదురుచూచుచుందుము.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు